స్ట్రోక్ వచ్చినప్పుడు మెదడును చల్లబరిస్తే నష్టం తగ్గుతుందట, మరి ఆసుపత్రుల్లో ఎందుకు చేయరు?

సముద్రపుగాలి
మా పెద్దమామయ్యకు మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. వేళకే ఆసుపత్రికి చేర్చాం, గడ్డ కరిగించే ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. ఐసీయూ బయట కూర్చుని ఫోనులో చదువుతుంటే ఒక విషయం కంటపడింది. మెదడును మూడు నాలుగు డిగ్రీలు చల్లబరిస్తే లోపల ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకు శరీరం స్పందించడంతో వచ్చే వాపు) తగ్గుతుందట, చచ్చిపోవాల్సిన కణాలు బతుకుతాయట, జంతువుల్లో ఇది ఎన్నోసార్లు రుజువైందట. డ్యూటీ డాక్టరును అడిగితే "అది మేం చేయం, జ్వరం రాకుండా మాత్రం చూసుకుంటాం" అని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఐసు దొరకని వస్తువేమీ కాదు కదా! ఇంత తేలికైన పనికి అడ్డేమిటి? దీనికి తోడు బంధువుల్లో ఒకాయన, తల చుట్టూ ఐసు ముక్కలు కట్టి తీసుకువెళ్లాల్సింది అని మా అత్తయ్యను ఏడిపిస్తున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఐసీయూ_సిస్టర్
ముందు మీ అత్తయ్యగారికి ధైర్యం చెప్పండి. ఐసు కట్టే ప్రయత్నం చేయకుండా నేరుగా బయలుదేరడమే ఆయనకు మేలు చేసింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. ఐసు వెతకడానికి పోయే పది నిమిషాలు ఎంత ఖరీదైనవో మీరే ఊహించుకోండి. పైగా పెద్దవాళ్ల తలపై పైపైన పెట్టిన ఐసు లోతున ఉన్న మెదడును పెద్దగా చల్లబరచదు. వెచ్చటి రక్తం క్షణక్షణం లోపలికి వస్తూనే ఉంటుంది.

భాస్కర్77
డాక్టరు చెప్పింది సబబే. చల్లబరచడం అనేది ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న ఆలోచన, మనుషుల్లో ఒక్క పెద్ద పరీక్షలో కూడా నెగ్గలేదు. ఎలుకల్లో పనిచేసిన మందులు మనుషుల్లో తేలిపోవడం స్ట్రోక్ వైద్యంలో కొత్తేమీ కాదు. దీన్ని పట్టుకుని ఆశ పెంచుకోవద్దు.

జీవకణం
భాస్కర్ గారూ, అంత తేలిగ్గా కొట్టేయకండి. నేను నాడీశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రక్తం ఆగగానే మెదడు మొత్తం ఒకేసారి చావదు. నట్టనడుమ ఉన్న భాగం నిమిషాల్లో పోతుంది. దాని చుట్టూ పెనంబ్రా అనే ప్రాంతం ఉంటుంది. పక్క నాళాల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతో అది పని మానేసి, ప్రాణం నిలబెట్టుకుని, గంటల తరబడి ఊగిసలాడుతుంది. వైద్యమంతా ఈ భాగం కోసమే.

అక్కడ జరిగేది ఇది. శక్తి అయిపోయిన కణాలు, నాడీకణాల మధ్య కబురు మోసే గ్లూటమేట్ అనే రసాయనాన్ని బయటికి వదిలేస్తాయి. అది పక్క కణాలను అతిగా రెచ్చగొడుతుంది, వాటిలోకి కాల్షియం పోటెత్తుతుంది, లోపలి ఎంజైములు సొంత కణాన్నే తినడం మొదలుపెడతాయి. ఇది తొలి గంటల కథ. ఆ తర్వాత ఇన్‌ఫ్లమేషన్ వస్తుంది. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు చనిపోయిన కణాల శిథిలాలను గుర్తించి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ పిలుపు అందుకుని రక్తంలోని తెల్ల కణాలు నాళాల గోడలకు అతుక్కుని లోపలికి దూరతాయి. ఎంఎంపీ-9 అనే ఎంజైము రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను కోసేస్తుంది. నీరు లోపలికి చేరి మెదడు ఉబ్బుతుంది, ఒక్కోసారి రక్తస్రావం కూడా అవుతుంది. ఈ రెండో దెబ్బ రోజుల తరబడి సాగుతుంది.

చల్లదనం ప్రత్యేకత ఏమిటంటే, ఇది వీటిలో ఏదో ఒక్క మెట్టును కాదు, దాదాపు అన్ని మెట్లనూ తాకుతుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే మెదడు ఆక్సిజన్ వాడకం 6 నుంచి 7 శాతం పడిపోతుంది. గ్లూటమేట్ విడుదల తగ్గుతుంది. మైక్రోగ్లియా నెమ్మదిస్తాయి, ఆ రసాయనాలను పుట్టించే ఎన్‌ఎఫ్-కప్పా బి అనే మీట సరిగా పడదు, ఎంఎంపీ-9 తగ్గుతుంది, అడ్డుగోడ నిలుస్తుంది. మందుల్లో ఇన్ని చోట్ల పనిచేసేది ఇంకొకటి నాకు కనిపించదు. 2007లో జంతు ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్క వేస్తే, చల్లబరచినప్పుడు దెబ్బతిన్న భాగం సగటున 44 శాతం చిన్నదైంది. మామూలు ఫలితం కాదు.

గోపాలం_మాస్టారు
చాలా బాగా చెప్పారు. మా ఆవిడకు అర్థమయ్యేలా నేను ఇలా చెప్పాను: పెద్ద కాలువ తెగితే దాని మీదే ఆధారపడిన మడి వెంటనే ఎండిపోతుంది, పక్క బోదెల నుంచి కాస్త తడి అందే మడులు ఒకటి రెండు పూటలు నిలుస్తాయి. నీళ్లు మళ్లీ వచ్చేదాకా ఎండ తీవ్రత తగ్గించగలిగితే ఆ మడులు దక్కుతాయి. సరిగానే చెప్పానా?

జీవకణం
సరిగ్గా అంతే మాస్టారూ. అయితే నీళ్లు తిరిగి రావడం కూడా తప్పనిసరి. నాళం తెరవకుండా చల్లబరచడం ఒక్కటే సరిపోదు.

వెన్నెలరాత్రి
నేల ఉడుతలు శీతాకాలం నిద్రాణంలోకి వెళ్లినప్పుడు మెదడుకు రక్తప్రసరణ పదో వంతుకు పడిపోతుందని, అయినా మెదడు దెబ్బతినదని ఎక్కడో చదివాను. నిజమేనా? మా తమ్ముడు పరీక్షల ముందు సరిగ్గా అదే స్థితిలో ఉంటాడు.

జీవకణం
నిజమే, వాటి మీద పరిశోధన ఎప్పటినుంచో ఉంది. చలిలో శరీరం ఆర్‌బీఎం3 వంటి ప్రత్యేక ప్రొటీన్లను తయారు చేస్తుంది. నాడీకణాల మధ్య బంధాలు నిలబడటానికి అవి తోడ్పడుతున్నట్లు ఎలుకల్లో చూశారు. మీ తమ్ముడి విషయంలో మాత్రం ఆధారాలు చాలవు.

లక్ష్మీతులసి
మనుషుల్లో నెగ్గలేదని ఎవరన్నారు? మా పాప పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక ఏడవలేదు. ఆరు గంటలలోపే చల్లటి నీళ్లు తిరిగే పరుపు మీద పడుకోబెట్టి 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచారు. ఆ ఒళ్లు ముట్టుకుంటే చల్లగా తగిలేది, తల్లిగా అది భరించడం ఎంత కష్టమో చెప్పలేను. ఇప్పుడు బడికి వెళుతోంది, గలగలా మాట్లాడుతోంది. నా కళ్ల ముందు జరిగినదాన్ని ఎలా కాదంటారు?

భాస్కర్77
మీ పాప బాగుండటం చాలా సంతోషమండీ. కానీ అది నవజాత శిశువుల విషయం, వాళ్లలో పనిచేస్తుందని 2005 నుంచి వచ్చిన పరీక్షలు చూపించాయి, నేను కాదనను. అక్కడ కూడా అన్నిచోట్లా ఒకే ఫలితం లేదు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో జరిగిన హెలిక్స్ అనే పరీక్షలో చల్లబరచిన శిశువుల్లో మరణాలు ఎక్కువయ్యాయి, 2021లో ప్రచురించారు. గుండె ఆగిపోయినవాళ్ల విషయం చూడండి. 2002లో రెండు పరీక్షలు బ్రహ్మాండం అన్నాయి. 2021లో టీటీఎం2 అనే పెద్ద పరీక్ష, 33 డిగ్రీలకు చల్లబరచినా జ్వరం రాకుండా చూసినా ఒకటే అని తేల్చింది. స్ట్రోక్‌కు వస్తే, రోగులను చల్లబరచి చూసిన యూరోహైప్-1 అనే పరీక్ష చూడండి. తేడా ఏమీ లేదు.

జీవకణం
యూరోహైప్-1ను ఓటమి అనడం అన్యాయం. 1500 మందితో చేయాలనుకున్నారు, 98 మందితోనే ఆపేయాల్సి వచ్చింది. చల్లబరచిన గుంపులో 34–35 డిగ్రీల లక్ష్యం చేరినవాళ్లు మూడో వంతు కూడా లేరు. చల్లబడని మెదడుతో చల్లదనం పనిచేయదని ఎలా తేలుస్తాం? అది విధానం ఓడిపోవడం, ఆలోచన ఓడిపోవడం కాదు.

భాస్కర్77
లక్ష్యం చేరలేకపోవడమే అసలు ఫలితం అంటాను నేను. అన్ని దేశాల్లో, అంత సిద్ధమై, అనుభవం ఉన్న కేంద్రాల్లో మూడింట రెండు వంతుల మందిని చల్లబరచలేకపోయారంటే, మామూలు ఆసుపత్రిలో అర్ధరాత్రి ఎవరు చేస్తారు? రోగికి కావలసింది చేయగలిగే వైద్యం.

సముద్రపుగాలి
అదే నాకు అర్థం కావడం లేదు. 37 నుంచి 34కు తేవడం ఎందుకంత కష్టం? ఆపరేషన్లలో చేస్తారు కదా.

ఐసీయూ_సిస్టర్
వణుకు. ఒక్క మాటలో జవాబు అదే.

ఆపరేషన్‌లో రోగి పూర్తి మత్తులో ఉంటాడు, కండరాలు సడలించే మందు కూడా ఇస్తారు. స్ట్రోక్ రోగి చాలావరకు మెలకువగా ఉంటాడు. దాదాపు 35.5 డిగ్రీల దగ్గరకు రాగానే శరీరం ఎదురు తిరుగుతుంది. ముందుగా దవడ. చెంప మీద చెయ్యి ఆనిస్తే సన్నని అదురు తెలుస్తుంది, మానిటర్ మీద ఈసీజీ గీత రంపపు పళ్లలా గరుకుగా మారుతుంది. తర్వాత మెడ, ఛాతీ, చివరికి చేతులూ కాళ్లూ. పడిపోయిన చెయ్యి కదలదు, మంచి చెయ్యి మంచం ఊచను కొట్టుకుంటూ ఉంటుంది. మాట పోయిన మనిషి కదా, చలేస్తోందని కూడా చెప్పలేడు, కళ్లతోనే బతిమాలతాడు. వణికే శరీరానికి ఆక్సిజన్ రెట్టింపు దాకా ఖర్చవుతుంది. మెదడుకు విశ్రాంతి ఇద్దామని మొదలుపెట్టిన పని ఒంటిని పరుగెత్తిస్తుంది.

వణుకు ఆపడానికి చేతులకూ పాదాలకూ వెచ్చటి తొడుగులు వేస్తాం, చర్మాన్ని వెచ్చగా ఉంచితే మెదడుకు చలి కబురు కొంత తక్కువగా చేరుతుంది. మెగ్నీషియం, బస్పిరోన్, పెథిడిన్ ఇస్తాం. పెథిడిన్‌తో మగత వస్తుంది, దగ్గు బలహీనపడుతుంది. స్ట్రోక్‌తో అప్పటికే మింగడం రాని మనిషికి లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అంతే, న్యుమోనియా.

జీవకణం
సిస్టర్ గారు చెప్పినదానికి అంకెలూ ఉన్నాయి. 2010లో వచ్చిన ఐసీటీయూఎస్-ఎల్ అనే పరీక్షలో, తొడ సిరలోంచి గొట్టం పంపి రక్తాన్నే చల్లబరిచారు. ఆ గుంపులో సగం మందికి న్యుమోనియా వచ్చింది, చల్లబరచని రెండో గుంపులో పది శాతానికే. ఇది నేను దాచను. పూర్తి శరీరాన్ని చల్లబరచడం గురించి భాస్కర్ గారి భయం సరైనదే.

తిరిగినడక
నాలుగేళ్ల కిందట నాకు స్ట్రోక్ వచ్చింది. ఎవరూ చల్లబరచలేదు, అయినా న్యుమోనియా వచ్చింది. చెయ్యి పడిపోయినప్పుడు కంటే ఊపిరి అందనప్పుడే ఇక అయిపోయాననుకున్నాను. ఆ ముప్పును అయిదు రెట్లు పెంచే వైద్యాన్ని నా మీద చేస్తానంటే నేను సంతకం పెట్టను. సముద్రపుగాలి గారూ, మీ డాక్టరు మాట తక్కువగా చెప్పి ఉండవచ్చు, కానీ తప్పు చెప్పలేదు.

గోపాలం_మాస్టారు
మెదడు బాగా వాచిపోయినవాళ్ల సంగతేమిటి? మా పక్కింటాయనకు పుర్రె ఎముక తీసి పక్కన పెట్టారు. అలాంటివాళ్లకైనా చల్లదనం పనికిరాదా?

జీవకణం
అక్కడ ఆశ చాలా ఉండేది మాస్టారూ. 1998లో హైడెల్‌బర్గ్‌లో, మెదడులో ఒక పక్క దాదాపు అంతా దెబ్బతిన్న 25 మందిని 33 డిగ్రీలకు చల్లబరిచారు, 14 మంది బతికారు. అలాంటి స్ట్రోక్‌లో చాలామంది బతకని రోజులవి. కానీ చనిపోయినవాళ్లు ఎప్పుడు చనిపోయారో చూడండి. చల్లగా ఉన్నంతసేపూ తల లోపలి ఒత్తిడి అదుపులో ఉంది, తిరిగి వెచ్చబరచేటప్పుడు పైకి లేచింది. అందుకే ఇప్పుడు వెచ్చబరచడం గంటకు పావు డిగ్రీ, అర డిగ్రీ చొప్పున మాత్రమే. ఎముక తీసిన రోగులను చల్లబరచి చూసిన డెప్త్-ఎస్‌ఓఎస్ అనే పరీక్షను 50 మంది దగ్గరే ఆపేశారు. మేలు కనిపించలేదు, ప్రమాదకరమైన దుష్ప్రభావాలు ఎక్కువయ్యాయి.

భాస్కర్77
ఇంకేం మిగిలింది మరి?

జీవకణం
మెదడును మాత్రమే చల్లబరచడం మిగిలింది. నేను పట్టుబట్టేది అందుకే. ఇప్పుడు పెద్ద నాళాల్లోని గడ్డలను తొడ నుంచి సన్నని గొట్టం పంపి బయటికి లాగుతున్నారు కదా, ఆ గొట్టం కొస దెబ్బతిన్న చోటికే చేరుతుంది. గడ్డ తీయగానే అదే దారిలో 4 డిగ్రీల సెలైన్ పంపితే? చైనాలో 2016లో 26 మంది మీద ఇలా చేశారు. సుమారు 350 మిల్లీలీటర్లు, పది నిమిషాలు. దెబ్బతిన్న భాగం కనీసం రెండు డిగ్రీలు చల్లబడిందని అంచనా వేశారు, ఒంటి ఉష్ణోగ్రత మాత్రం కదిలీ కదలనట్టు ఉంది. ఒళ్లు చల్లబడకపోతే వణుకు లేదు, వణుకు లేకపోతే పెథిడిన్ అక్కర్లేదు. పైగా రక్తం ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడు ఆక్సిజన్‌తో పాటు కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్, తెల్ల కణాలు కూడా దండెత్తుతాయి. సరిగ్గా ఆ క్షణంలో చల్లదనం అందుతుంది.

భాస్కర్77
26 మంది అంటే అది భద్రంగా చేయగలమా అని చూసే తొలి మెట్టు. పది నిమిషాలు చల్లబరిస్తే రోజుల తరబడి సాగే ఇన్‌ఫ్లమేషన్ ఆగుతుందా? మీరే కదా రెండో దెబ్బ రోజుల తరబడి అన్నారు.

జీవకణం
మంచి ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎవరి దగ్గరా లేదు. రక్తం తిరిగి వచ్చిన తొలి నిమిషాల్లో జరిగే నష్టమే తర్వాతి ఇన్‌ఫ్లమేషన్‌కు నాంది కాబట్టి, ఆ మొదలును నరికితే తర్వాతిది బలహీనపడవచ్చని నా నమ్మకం. పెద్ద పరీక్షలే తేల్చాలి. కానీ ఎలుకకూ మనిషికీ ఉన్న తేడాను మొదటిసారి తగ్గించిన పద్ధతి ఇదే. ఎలుకను స్ట్రోక్ కలిగించిన కాసేపటికే చల్లబరుస్తారు, దాని బరువు కొన్ని వందల గ్రాములు, నిమిషాల్లో చల్లబడుతుంది. డెబ్బై కిలోల మనిషి ఆసుపత్రికి చేరడానికే గంటలు, చల్లబడటానికి ఇంకొన్ని గంటలు. అప్పటికి పెనంబ్రా ఎక్కడుంది?

వెన్నెలరాత్రి
గడ్డ కాకుండా రక్తనాళం చిట్లి స్ట్రోక్ వస్తే? మా బాబాయికి అదే.

ఐసీయూ_సిస్టర్
అందులో మరింత జాగ్రత్త కావాలి. చలిలో రక్తం గడ్డకట్టే గుణం మందగిస్తుంది, కారుతున్న నాళానికి అది కోరుకునే విషయం కాదు. అక్కడ ముందు చూసేది బీపీ. జ్వరం మాత్రం రెండు రకాల్లోనూ శత్రువే.

సముద్రపుగాలి
జ్వరం మాట మళ్లీ వచ్చింది. డాక్టరు కూడా అదే అన్నారు, నేను పట్టించుకోలేదు. అది నిజంగా అంత పెద్ద సంగతా?

ఐసీయూ_సిస్టర్
నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికంటే పెద్ద సంగతి అదే. 1996లో కోపెన్‌హాగన్‌లో 390 మందిని గమనించారు. ఆసుపత్రికి వచ్చేసరికి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ ఎక్కువుంటే చెడు ఫలితం వచ్చే అవకాశం రెండింతలు దాటింది. 2011లో ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ వార్డులతో ఒక పరీక్ష జరిగింది. నర్సులు మూడు పనులు పట్టుదలగా చేశారు: జ్వరం చూడటం, చక్కెర చూడటం, మింగగలడో లేదో చూడటం. తొంభై రోజులకు చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడినవాళ్లు కలిపి ఆ వార్డుల్లో 42 శాతం, మామూలు వార్డుల్లో 58 శాతం. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. ఇది చదివిన రోజు మా వార్డులో అందరికీ చెప్పుకుని తిరిగాను.

భాస్కర్77
సిస్టర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, జ్వరం విషయంలోనూ చిక్కుంది. ఇంట్రెపిడ్ పరీక్షలో చల్లబరచే యంత్రంతో ఒళ్లు 37 దగ్గరే నిలిపి, అసలు జ్వరమే రాకుండా చూశారు. జ్వరం బాగా తగ్గింది, కానీ రోగులు కోలుకోవడంలో తేడా రాలేదు. 2024లో వచ్చింది. పారాసిటమాల్‌ను ముందుజాగ్రత్తగా రోజూ ఇచ్చిన పరీక్షలు కూడా మొత్తం మీద మేలు చూపలేదు. జ్వరం నష్టానికి కారణమో, నష్టం ఎక్కువైనందువల్ల వచ్చిన లక్షణమో ఇంకా తెగలేదు.

ఐసీయూ_సిస్టర్
రాని జ్వరాన్ని యంత్రంతో అడ్డుకోవడం వేరు, వచ్చిన జ్వరాన్ని వదిలేయకపోవడం వేరు. ఇంట్రెపిడ్‌లో రెండో గుంపుకు కూడా 38 దాటితే వైద్యం చేశారు కదా. నేను అడిగేది అంతే: 38 దాటితే వెంటనే తగ్గించండి, ఎందుకొచ్చిందో వెతకండి. ఊపిరితిత్తులా, మూత్రనాళమా, చేతికి పెట్టిన సూదా? ఆ వెతుకులాటలోనే సగం ప్రాణాలు దక్కుతాయి.

భాస్కర్77
దానికి నేనూ చెయ్యెత్తుతాను.

లక్ష్మీతులసి
మీ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం చూశాను, ఇక నిద్రపోవచ్చు.

సముద్రపుగాలి
ఈ ఉదయం మామయ్యకు 38.2 ఉందన్నారు. ఛాతీ ఎక్స్-రే తీశారు. ఇంట్లో ఉంటే పారాసిటమాల్ మింగించేవాళ్లమే, ఇక్కడ నోటితో ఏమీ ఇవ్వవద్దని మంచానికి కాగితం అంటించారు. మంచినీళ్లు కూడా వద్దన్నారు, అత్తయ్య బాధపడుతోంది.

ఐసీయూ_సిస్టర్
ఆ కాగితం అంటించినవాళ్లకు నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి. స్ట్రోక్ వచ్చిన మనిషికి, మింగే పరీక్ష అయ్యేదాకా మాత్ర కాదు కదా, చెంచాడు నీళ్లు కూడా పోయకూడదు. జ్వరానికి మందు సెలైన్ ద్వారానో, మలద్వారం ద్వారానో ఇస్తారు.

గోపాలం_మాస్టారు
ఆ పరీక్ష ఎలా చేస్తారు?

ఐసీయూ_సిస్టర్
రోగిని నిటారుగా కూర్చోబెడతాం. నోరు శుభ్రం చేసి, సొంతంగా దగ్గగలడో చూస్తాం. తర్వాత ఒక చిన్న చెంచా నీళ్లు. మింగేటప్పుడు గొంతు ముడి పైకి లేస్తోందా అని వేళ్లు ఆనించి చూస్తాం. పెదవి పక్క నుంచి కారుతున్నాయా, దగ్గు వచ్చిందా చూస్తాం. ఆ వెంటనే "ఆ" అనమంటాం. గొంతులో గురగుర వినిపిస్తే నీళ్లు దారి తప్పినట్టే, అక్కడితో ఆపేస్తాం. అన్నీ సరిగా ఉంటేనే ఇంకో చెంచా, ఆ తర్వాత గ్లాసు. అనుమానం ఉంటే స్పీచ్ థెరపిస్టును పిలుస్తాం, అప్పటిదాకా ముక్కు గొట్టంతోనే ఆహారం. కొందరిలో దగ్గు రాకుండానే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, దగ్గలేదు కాబట్టి బాగానే ఉందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

తిరిగినడక
నాకు మొదటి పరీక్షలో రాలేదు. గొట్టం తీశాక కూడా కొన్నాళ్లు చిక్కటి ద్రవాలే ఇచ్చారు, మింగేటప్పుడు గడ్డం ఛాతీ వైపు వంచమనేవారు. అత్తయ్యగారిని తడి గాజుగుడ్డతో ఆయన పెదవులు తుడవనివ్వమని సిస్టర్లను అడగండి. నా భార్య అదే చేసేది, నాలుక ఎండిపోయినప్పుడు ఆ కాస్త తడి కూడా ఎంతో హాయిగా ఉంటుంది.